దిక్కులేని ముద్దాయికి దస్త్రమే దిక్కు



కోర్టు అనగానే మనకు ముందుగా తోచువారు ముగ్గురు. పీఠముపై కూర్చున్న న్యాయాధిపతి, నల్లకోటు తొడిగిన వకీలు, బోనులో నిలిచిన ముద్దాయి. నాలుగవవాడొకడు కలడు. అతనినెవరును తలపరు. ఏ ముద్దాయి ఏ జైలులో నున్నాడో, ఏ కేసు వాయిదా ఏ దినమో, ఏ కాగితము ఏ కట్టలో నున్నదో వ్రాసిపెట్టుకొను గుమాస్తా అతడు. నేటి నా ప్రసంగము ఆ నాలుగవవానిని గూర్చియే. వకీలును పెట్టుకొనలేని పేదవానికి ప్రభుత్వమే వకీలునిచ్చు పద్ధతి ఎట్లు పుట్టినది, దానికొక కార్యాలయము ఏల కావలసివచ్చినది, ఆ కార్యాలయము సరిగా నడువనిచో ఏమి జరుగును, ఈ మూడు విషయములను చెప్పెదను.

"వకీలున్న చాలదా, గుమాస్తాల కథ మాకేల?" అని మీలో కొందరు తలపవచ్చును. మన పూర్వులు అట్లు తలపలేదు. నారదస్మృతి న్యాయసభకు ఎనిమిది అంగములను చెప్పినది. రాజు, సభ్యులు, ధర్మశాస్త్రము, గణకుడు, లేఖకుడు, బంగారము, అగ్ని, జలము అనునవి ఆ యెనిమిది. గణకుడనగా లెక్కలు కట్టువాడు. లేఖకుడనగా వ్రాయువాడు. రాజును, శాస్త్రమును ఎన్నిన వరుసలోనే వీరిద్దరిని గూడ ఎన్నిరి. సభ్యులెంత ధర్మజ్ఞులైనను, ఎవడేమి చెప్పెనో వ్రాసిన వ్రాత లేనిచో వారు తీర్పు చెప్పుటకు ఆధారమే లేదు. ఈ మాటను మనస్సున నుంచుకొని ముందుకు పోదము.

ఆంగ్లేయ ప్రభుత్వము 1898లో చేసిన క్రిమినలు ప్రొసీజరు కోడులో 340వ సెక్షను ముద్దాయికి వకీలు ద్వారా వాదించుకొను హక్కునిచ్చినది. మాట గొప్పదే. కాని అది వకీలును పెట్టుకొను హక్కు మాత్రమే. పెట్టుకొనుటకు చేత పైకము లేనివాని గతి యేమి? భోజనశాల తలుపు తెరచి, రూకలున్నవారందరు రావచ్చునని చెప్పినట్లున్నది.

ఆ లోపమును పూరించుటకు ప్రభుత్వ ధనముతో ఒక కార్యాలయమే యుండవలెనను ఆలోచన అమెరికా దేశమున బలపడినది. క్లారా షార్ట్రిడ్జ్ ఫోల్ట్జ్ అను నామె కాలిఫోర్నియాలో న్యాయవాద వృత్తిని చేపట్టిన మొదటి స్త్రీ. ఆమె 1893లో చికాగో నగరమున జరిగిన న్యాయసంస్కరణ సభలో మాటలాడుచు, నేరము మోపుటకు ప్రభుత్వము జీతమిచ్చి వకీలును పెట్టినప్పుడు, నేరము మోపబడినవానిని కాపాడుటకును అట్లే పెట్టవలెనని వాదించెను. ఆ వాదము కార్యరూపము దాల్చుటకు ఇరువదియొక్క సంవత్సరములు పట్టినది. 1914లో లాస్ ఏంజిలిస్ నగరమున అట్టి కార్యాలయము మొదటిసారిగా తెరువబడెను.

1932లో ఆ దేశపు ఉన్నత న్యాయస్థానము అలబామా రాష్ట్రములోని నీగ్రో యువకుల కేసులో ఒక తీర్పు చెప్పెను. మరణశిక్ష పడదగిన నేరమున, తన వాదమును తాను చెప్పుకొనలేని పేద ముద్దాయికి వకీలును ఈయనిదే విచారణ న్యాయమైనది కాదని ఆ తీర్పు సారాంశము. ఈ అలబామా తీర్పు సముద్రములు దాటి మన తెలుగు రైతుల కేసులో వినబడినదని మీలో ఎందరికి తెలియునో! ఆ వృత్తాంతమును చెప్పెదను.

1949లో తెలంగాణమున, రైతు పోరాటము నాటి సంఘటనలకు సంబంధించి, 12 మంది రైతులకు హైదరాబాదు రాష్ట్రపు ప్రత్యేక న్యాయస్థానములు ఉరిశిక్షలు విధించెను. వారి కేసు భారత సుప్రీంకోర్టుకు చేరినది. ఇంగ్లండునుండి డి. ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ న్యాయవాది వచ్చి వారి పక్షమున వాదించెను. విచారణ సమయమున వకీలును పెట్టుకొనుటకు వారికి తగిన అవకాశమీయలేదనునది ఆ వాదములలో నొకటి. అప్పుడే అలబామా తీర్పును న్యాయాధిపతుల ముందుంచిరి. కాని వకీలు లేకపోయినంత మాత్రమున విచారణ చెల్లదనుటకు నాటి చట్టములో వీలు లేదని 1951లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. తరువాత ఆ మరణశిక్షలు యావజ్జీవ ఖైదుగా మార్చబడినవి. ప్రాణములు దక్కినవి, సంతోషమే. అయినను దక్కినది దయవలననే గాని హక్కు వలన గాదు. దయకును హక్కుకును గల భేదమును మీవంటి పెద్దలకు నేను వివరింపనక్కరలేదు.

అమెరికాలో 1963లో మఱియొక తీర్పు వచ్చినది. ఫ్లారిడా రాష్ట్రమున క్లారెన్సు గిడియన్ అను పేదవాడు ఒక ఆటశాల తలుపు పగులగొట్టి దొంగిలించెనని నేరము మోపబడి, వకీలునిమ్మని కోరియు పొందజాలక, తానే వాదించుకొని యోడిపోయి, 5 ఏండ్ల శిక్ష పొందెను. జైలునుండి పెన్సిలుతో అర్జీ వ్రాసి ఉన్నత న్యాయస్థానమునకు పంపెను. పేద ముద్దాయికి తీవ్రనేరముల విచారణలో ప్రభుత్వము వకీలునీయక తప్పదని ఆ న్యాయస్థానము ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. మరల విచారణ జరిగినప్పుడు గిడియనునకు వకీలు దొరకెను. సాక్షులను గూర్చి ముందుగా కనుగొని వచ్చిన ఆ వకీలు వారిని ప్రశ్నింపగా, జ్యూరీవారు గిడియను నిర్దోషియని విడిచిపుచ్చిరి. మనిషి అతడే, నేరము అదియే. మారినది వకీలు ఒక్కడే. ఆ సంవత్సరముననే ఫ్లారిడా శాసనసభ రాష్ట్రమంతట ప్రభుత్వ రక్షణన్యాయవాదుల కార్యాలయములను నెలకొల్పెను.

ఇక మన దేశమునకు వత్తము. 1973లో కృష్ణయ్యరుగారి అధ్యక్షతన నేర్పడిన సంఘము పేదలకు న్యాయసహాయమును గూర్చి నివేదిక సమర్పించెను. ఆ సంవత్సరపు క్రొత్త ప్రొసీజరు కోడు, సెషన్సు విచారణలో వకీలును పెట్టుకొనలేని ముద్దాయికి ప్రభుత్వ వ్యయముతో వకీలును నియమింపవలెనని 304వ సెక్షనులో విధించెను. 1976లో రాజ్యాంగమునకు చేసిన 42వ సవరణ 39ఏ అధికరణమును చేర్చెను. పేదరికము వలనగాని మఱి యే యితర లోపము వలనగాని యే పౌరునకును న్యాయము దూరము కారాదని దాని భావము.

ఇంతవరకు అక్షరములు. ఆ అక్షరములకును జైలు గోడలకును నడుమ నెంత దూరము కలదో 1979లో దేశమునకు తెలిసినది. బీహారు జైళ్లలో విచారణ లేక మగ్గుచున్నవారిని గూర్చి కె. ఎఫ్. రుస్తుంజీ అను ఉన్నతోద్యోగి వ్రాసిన వ్యాసములు పత్రికలో వెలువడెను. వానిని చదివి పుష్పా కపిలా హింగోరాణీ అను న్యాయవాది సుప్రీంకోర్టులో అర్జీ దాఖలు చేసెను. ఆ ఖైదీలలో నొకతెయైన హుస్సేనారా ఖాతూన్ పేరిట ఆ కేసు ప్రసిద్ధమైనది. నేరము రుజువైనను పడదగిన గరిష్ఠ శిక్షకంటె నెక్కువ కాలము విచారణయే లేక లోపలనున్నవారు వారిలో కలరు. త్వరగా విచారణ పొందుటయు, ఉచిత న్యాయసహాయము పొందుటయు జీవించు హక్కులో భాగములేయని న్యాయాధిపతి భగవతిగారు తీర్పు వ్రాసిరి.

పెద్దలారా, ఆ కేసులో సుప్రీంకోర్టు బీహారు ప్రభుత్వమును ఏమడిగెనో గమనింపుడు. ఎవరెవరు ఎప్పటినుండి ఏ నేరమునకై లోపలనున్నారో పట్టికలు వేసి సమర్పింపుమని యడిగెను. అట్టి పట్టిక ముందే యుండి, నెలకొకసారి యెవడైనను దానిని చదివియున్నచో, ఆ అభాగ్యులన్ని యేండ్లు లోపలనుండువారు కారు. వారిని పగబట్టి బంధించినవాడెవడును లేడు. వారిని మరచిపోయిరి, అంతే. పగవాడు ఎన్నటికైన శాంతించును. మరపునకు శాంతియు లేదు, గడువును లేదు. వ్రాత యొక్కటే దానికి మందు.

నేను బడిపంతులుగా ఏండ్ల తరబడి హాజరు పట్టీ పిలిచినవాడను. ఆ పట్టీని పిల్లలు ఉత్త ఆనవాయితీ యనుకొందురు. కాని వరుసగా మూడు దినములు పలుకని పేరు నాలుగవ దినమున పంతులు మనస్సును పొడుచును. వాని ఇంటికి కబురు పంపుదుము. జ్వరమో, తండ్రికి ఆపదయో తెలియవచ్చును. పట్టీ లేనిచో నలువదిమందిలో నొకడు రాలేదని యెవనికి స్ఫురించును? జైలులోని పేదవాని పేరుకూడ అట్లే ప్రతిదినమును ఎవడో యొకడు పిలువవలసిన పేరు.

1987లో పార్లమెంటు న్యాయసేవాధికార సంస్థల చట్టమును చేసెను. అది 1995 నవంబరు 9 నాడు అమలునకు వచ్చెను. దాని ననుసరించి దేశమునకొక జాతీయ సంస్థ, రాష్ట్రమునకొకటి, జిల్లాకు జిల్లా జడ్జి అధ్యక్షతన నొకటి, దాని క్రింద తాలూకా సంఘములు ఏర్పడెను. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఈ క్రింది సంఘములను మండల న్యాయసేవాధికార సంఘములని పిలుతురు. స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులముల వారికి, షెడ్యూల్డు తెగల వారికి, నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము కలదు. ఇతర పేదలకు ఆదాయపు పరిమితిని బట్టి కలదు.

ఈ చట్టము క్రింద మొదట పట్టికలోని ప్రైవేటు వకీళ్లకు కేసులు పంచి యిచ్చెడివారు. 2022 నుండి జాతీయ సంస్థ మఱియొక పద్ధతిని జిల్లాలలో ప్రవేశపెట్టెను. ఇది లాస్ ఏంజిలిస్ పద్ధతికి దగ్గరిది. ప్రధాన రక్షణన్యాయవాది యొకరు, వారి క్రింద ఉపన్యాయవాదులు, సహాయ న్యాయవాదులు నుందురు. వీరు ముద్దాయిల పక్షమున పూర్తికాలము పనిచేయుదురు. సొంత కేసులు పట్టరాదు. వీరికి తోడుగా గుమాస్తాలు, వచ్చినవారిని పలుకరించి వివరములను యంత్రమున నెక్కించు ఉద్యోగి, బంట్రోతు కలరు. నారదుడు చెప్పిన గణకలేఖకులు ఇక్కడ మరల దర్శనమిచ్చిరి.

ఇట్టి కార్యాలయమును నడుపుటయన నేమి? నాలుగు పనులను మాత్రము విప్పి చెప్పెదను.

మొదటిది తిథి గణన. ఒకని నిర్బంధించిన పిదప, మరణశిక్షగాని యావజ్జీవముగాని పదేండ్లకు తక్కువ కాని శిక్షగాని పడదగిన నేరమైనచో 90 దినములలో, తక్కినవానిలో 60 దినములలో పోలీసువారు ఛార్జిషీటు వేయవలెను. వేయనిచో ముద్దాయికి జామీను పొందు హక్కు కలుగును. కాని అది దానంతట రాదు. గడువు దాటిన వెంటనే, ఛార్జిషీటు పడకమునుపే అడుగవలెను. ఒక్క దినము జాగుచేసినచో ఆలోపల ఛార్జిషీటు వచ్చి ఆ హక్కు చేజారిపోవును. తిథి తప్పిన కర్మకు ఫలము లేదని మనవారందురు. ఈ కార్యాలయమునకు క్యాలెండరే పంచాంగము.

రెండవది పొత్తు కుదురని కేసులను వేరుపరచుట. ఒక కొట్లాటలో అన్నదమ్ములిద్దరిని పట్టుకొనిరనుకొనుడు. కొట్టినవాడు నీవేయని ఒకరిపై నొకరు చెప్పుచున్నారు. ఇద్దరికి నొక్క వకీలేయైనచో ఒకని రక్షించుటకు రెండవవానిని ముంచవలసివచ్చును. కావున కేసు రాగానే పేర్లన్నియు పాత పుస్తకములతో సరిచూచి, వేర్వేరు వకీళ్లకు పంచవలసిన బాధ్యత కార్యాలయముది.

మూడవది భారమును తూచుట. ఒక యెద్దుపై రెండు బండ్ల బరువు వేసి, నడువలేదని కొట్టుట ధర్మము కాదు. అమెరికాలో 1973లో ఒక జాతీయ సంఘము, ఒక్క న్యాయవాదికి తీవ్రనేరముల కేసులు సంవత్సరమునకు 150కి మించరాదని చెప్పెను. ఆ సంఖ్య మన దేశమునకు సరిపోవునా యనునది వేరు మాట. కాని ఎవని చేతిలో నెన్ని కట్టలున్నవో లెక్కించువాడొకడు ఉండవలెననుటలో సందేహము లేదు.

నాలుగవది, అన్నిటికంటె సున్నితమైనది, కోర్టు ఉత్తరువు ముద్దాయికి చేరువరకు వెంబడించుట. తీర్పు నకలు ఖైదీకి సకాలమున ఉచితముగా నందవలెనని 1978లో హోస్కట్ కేసులో కృష్ణయ్యరుగారు వ్రాసిరి. నకలు లేనిదే అప్పీలు లేదు గదా. జామీను మంజూరైనను పూచీదారులు లేక, లేదా వార్తయే తెలియక, లోపలనే యుండిపోవువారిని గూర్చి 2023 జనవరిలో సుప్రీంకోర్టు కట్టుదిట్టములు చేసెను. జామీను ఉత్తరువును ఆ దినముననో మరునాడో జైలు అధికారి ద్వారా ఖైదీకి పంపవలెను. 7 దినములలో అతడు విడుదల కానిచో జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయవలెను. న్యాయాధిపతి "విడువుము" అని వ్రాసిన పిదప గూడ మనిషి లోపలనే యుండెనన్నచో, తప్పు శాస్త్రమునది కాదు. వ్రాతకును తలుపునకును నడుమ నడువవలసిన కాలు నడువలేదు.

2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన క్రొత్త నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షను, మొదటిసారి నేరము మోపబడినవాడు ఆ నేరపు గరిష్ఠ శిక్షలో మూడవవంతు కాలము లోపలనున్నచో, ఇతరులు సగము కాలమున్నచో విడుదలకు మార్గము చూపినది. మరణశిక్షయు యావజ్జీవ ఖైదును పడదగిన నేరములకు, పెక్కు కేసులున్నవారికి ఇది వర్తింపదు. ఈ మూడవవంతును, ఈ సగమును లెక్కకట్టువాడెవడు? మరల గణకుడే.

ఇక మీ మనస్సున మెదలుచున్న ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. "ఉచిత వకీలు ఉత్త వకీలు; ఊరక వచ్చినది ఊరకనే పోవును" అని మన యూళ్లలో అందురు. ఈ మాట పూర్తిగా అబద్ధమని నేననను. శ్రద్ధ లేని వకీళ్లు కలరు. ఐతే శ్రద్ధ లేనివారు రుసుము పుచ్చుకొనువారిలోను కలరు. భేదమెక్కడనన, డబ్బిచ్చినవాడు పదేపదే పోయి యడుగును. పేదవాడు అడుగజాలడు. వాని బదులు అడుగువాడు కార్యాలయములో నుండవలెను. 2010లో చేసిన నియమావళి ఇందులకే ప్రతి కేసు నడకను కనిపెట్టుటకు పర్యవేక్షక సంఘముల నేర్పరచుమన్నది. నియమితుడైన వకీలు సహాయము పొందువానినుండి రుసుము పుచ్చుకొనరాదు. అడిగినచో కార్యదర్శికి ఫిర్యాదు చేయవచ్చును. ప్రభుత్వ జీతము తినువాడు ప్రభుత్వముపై నెట్లు వాదించునని మఱికొందరి సంశయము. ఈ సంస్థలు న్యాయాధిపతుల అధ్యక్షతలో నుండుటకు కారణమదియే. పోలీసుశాఖ పంపిన కేసును ఎదిరించువానిపై పోలీసుశాఖకు పెత్తనము లేదు.

ఇప్పుడు మీ వంతు. మన గ్రామములలో ఎవనినైన పట్టుకొనిపోయినప్పుడు ముందుగా పరుగెత్తి వచ్చునది మీ వాకిటికే. "చిన్న నేరమే గదా, ఒప్పుకొని జరిమానా కట్టి వచ్చేయుము" అని పెద్దరికముతో చెప్పుట వాడుక. చేయని నేరమును ఒప్పుకొన్నవానికి ఆ మచ్చ జీవితాంతముండును. ఉద్యోగమునకు పోయినను, మఱియొక కేసున చిక్కినను అది ముందునకు వచ్చి నిలుచును. వకీలుతో మాటలాడకమునుపు ఒప్పుకొమ్మని చెప్పకుడు.

మఱియేమి చేయవలెను? 15100 అను సంఖ్యకు ఫోను చేయించుడు. అది న్యాయసేవా సంస్థల సంఖ్య. లేదా మండల కేంద్రములోని కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంఘమునకు ఒక తెల్లకాగితముపై అర్జీ వ్రాసియిండు. అర్జీలో మనిషి పూర్తిపేరు, తండ్రి పేరు, పట్టుకొనిన దినము, పోలీసుఠాణా పేరు, క్రైము నెంబరు, ఏ జైలునకు పంపిరో ఆ వివరము వ్రాయుడు. వ్రాసినదానికొక నకలు మీ యింట నుంచుడు. వాయిదా దినమును ఇంటి గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టించుడు. మీ యూరిలో చదువుకొన్న యువకు డెవడైన నున్నచో, న్యాయసేవా సంస్థ స్వచ్ఛంద సేవకుడుగా చేరుమని ప్రోత్సహింపుడు. ఇట్టివారిని ఆ సంస్థలు చేర్చుకొని తరిఫీదు నిచ్చుచున్నవి.

పూర్వము గ్రామకరణము దస్త్రములో మన పొలము గట్టు ఎక్కడ నున్నదో వ్రాసియుండెడిది. దానిని చూపి ఎన్ని తగవులు తీర్చుకొంటిమి! మట్టిగట్టునకు పూర్వులు చూపిన శ్రద్ధ మనిషి స్వేచ్ఛకు మనము చూపరాదా? క్లారా ఫోల్ట్జ్ మాట చెప్పిన 1893 నుండి మన జిల్లాలలో రక్షణన్యాయవాదుల కార్యాలయములు తెరచిన 2022 వరకు నూటయిరువదితొమ్మిది సంవత్సరములు గడచినవి. ఇన్నాళ్లకు ఆ తలుపు మన యూరికి సమీపమున తెరువబడినది. లోపల పుస్తకము తెరచి, కలము చేతబట్టి కూర్చున్నవాడొకడు కలడు. అతడు వ్రాయవలసిన పేరును అతనికి చేర్చవలసినది మనము.

సెలవు.